దూలం అతకడానికి వచ్చిన బావ

తుఫాను వాన వెలిసిన మర్నాడు వంటింటి మూల గోడ నల్లగా ఊరిపోయి కనిపించింది. స్టూలెక్కి దూలం కొసను స్క్రూడ్రైవరుతో పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. శ్రీకాళహస్తిలో మేముంటున్న ఆ పెంకుటిల్లు వడ్రంగి అయిన మా మామ తన చేతులతో కట్టుకున్నది. పైన పెంకులు జారి, ఎన్నాళ్లనుంచో నీళ్లు ఆ దూలం మీదికే కారుతున్నట్టుంది.

"మా బావను పిలుస్తా," అంది నా భార్య.

బావ అంటే ఆమె మేనత్త కొడుకు. మా మామ దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు తిరుపతిలో వడ్రంగం చేస్తున్నాడు. నన్ను ఆమె పెళ్లైన నాటినుంచీ "ఏమయ్యా" అనే పిలుస్తుంది. "బావా" అన్న పిలుపు అతనికే. మేనరికం ఉండి కూడా వాళ్లకు పెళ్లెందుకు కాలేదని నేనెప్పుడూ అడగలేదు.

అతను వచ్చే రోజు నేను సూళ్లూరుపేట దగ్గర కంపెనీకి డ్యూటీకి పోవాలి. సాయంగా ఉంటానని చెప్పి సెలవు పెట్టాను.

"కొస ఒక్కటే చెడిపోయిండాది అన్నా," అన్నాడతను దూలాన్ని తట్టి చూసి. "మిగతాదంతా రాయి మాదిరి ఉండాది. కుళ్లినకాడికి కోసేసి, కొత్త ముక్క అతికి, రెండు పక్కలా పలకలేసి బోల్టులు బిగిస్తే సాలు."

"తీసేసి ఇనప గర్డరు వేస్తే?" అన్నాను. గర్డరైతే వెల్డింగువాళ్లు వస్తారు, ఇతని అవసరం ఉండదు.

"నాయన ఏసిన దూలం. తీసేది లేదు," అంది ఆమె.

పెంకులు దించి, దూలం కింద సరుగుడు గుంజలు నిలిపాం. దూలాన్ని పైకెత్తే జాకీ తిప్పడం నా పని. వాళ్లిద్దరూ పైకి చూస్తూ "ఇంకొంచెం", "సాలు సాలు" అంటూ నాకు చెబుతున్నారు. మధ్యలో చిన్నప్పటి సంగతేదో వచ్చి ఆమె నవ్వింది. నా ఎదుట అట్లా ఎప్పుడు నవ్విందో గుర్తు చేసుకోబోయాను, గుర్తు రాలేదు.

మధ్యాహ్నం సంగటి ముద్ద ముందు అతనికే పెట్టింది. వచ్చినవాళ్లకు ముందు పెట్టాలని నాకూ తెలుసు. "నీకు ఊరిబిండి లేకుంటే ముద్ద దిగదు కదా బావా," అంటూ ఆమె ఆ పచ్చడి వడ్డిస్తుంటే నాకే ముద్ద దిగలేదు.

తిన్నాక అతను బోల్టులు తేవడానికి బజారుకు పోయాడు. ఆమె కుళ్లిన కొయ్యపొట్టు చేటలోకి ఎత్తుతోంది.

"ఆయన్ను చేసుకోవాలని ఉండిందా నీకు?" అని అడిగేశాను.

ఆమె చెయ్యి ఆగలేదు. "ఉండింది. ఆయనకే లేదు. నాయన పోయి అడిగినాడు. పిల్ల నలుపని వాళ్లమ్మతో సెప్పించినాడు."

"మళ్లా ఆయన్నే పిలిచినావే?"

"దూలానికి మంచి పనోడు కావాల గదయ్యా."

అతను తిరిగొచ్చేసరికి నా కడుపుమంట రెండింతలైంది. అంతవరకూ ఆమె మీద అతనికి మనసుందేమోనని మండింది. ఇప్పుడు, లేనందుకు మండింది. ఈమెను వద్దనడానికి ఎవడు వీడు? అన్నిటికంటే ఒక మాట ఎక్కువ గుచ్చింది. ఆమె కోరుకున్నది అతన్ని. నన్ను పెద్దలు చూపించారు, తలూపింది.

కొత్త ముక్క అతికి, పలకలు నిలిపి అతను స్పానర్ నా చేతికిచ్చాడు. నేను బలమంతా పెట్టి తిప్పాను.

"సాలన్నా, ఇంక తిప్పితే పలక సీలతాది," అన్నాడు నెమ్మదిగా.

పొద్దుగూకే వేళకు గుంజలు తీసి పెంకులు కప్పేశాం. దూలం కదల్లేదు. తర్వాతి వానకు ఆ మూల చుక్క కూడా కారలేదు.

"బస్టాండులో దింపిరాపో," అంది ఆమె. బండి మీద వెనక పనిముట్ల సంచీతో కూర్చుని, "మామ ఉండుంటే సంతోషపడేవోడు అన్నా," అన్నాడు. నేను బండి వేగం పెంచాను. తిరుపతి బస్సు కదిలి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. సాగనంపడానికే ఉన్నాననుకున్నాడు కాబోలు, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.