గోడ మీద ఏడాది

బొగ్గుతో కరెంటు తీసే ప్లాంటు ప్రహరీగోడ మీది అక్షరాలన్నీ ఒకే చేతివి. ఆ చేతిగల మనిషిని ఊరంతా బోర్డాయన అంటుంది. 'నెమ్మదిగా వెళ్లండి', 'హెల్మెట్ లేనిదే లోపలికి రాకూడదు' లాంటివి రాసి రాసి తల నెరిసిన మనిషి. గేటుకి ఎడమ పక్కన మాత్రం నిలువెత్తు పచ్చటి అక్షరాలుంటాయి: 'స్వచ్ఛ విద్యుత్తు మన లక్ష్యం. 2025 నాటికి ఈ పొగగొట్టం మూత.'

ప్రభుత్వం ఆ లక్ష్యాన్ని ప్రకటించిన కొత్తలో గోడ రాయించిన ఇంజనీరు ఒక మాట చెప్పాడు.

"మిగతాదంతా ఎనామిల్ వెయ్యి. ఏడాది అంకెలకి మాత్రం నీళ్ల రంగు చాలు. పైవాళ్లు మారిస్తే తుడవడం తేలిక."

బోర్డాయన తలూపాడు. ఊపి, ఆ ఏడాదికే ఎనామిల్ రెండు పూతలు వేశాడు. అప్పటికే బూడిద గాలికి ఇంట్లో భార్య దగ్గుతో సతమతమవుతోంది. చెరగని రంగుతో రాస్తే ఇచ్చిన మాట కూడా చెరగదని ఆయనకి ఎందుకనిపించిందో ఎవరం చెప్పగలం? పగలు తన చేత్తో రాసినదాన్నే సాయంత్రం ఇంటికెళ్తూ ఆగి చదువుకునేవాడు. చదివి నమ్మేవాడు.

ఆ నమ్మకంతోనే బావమరిది ఫోన్లో పిలిస్తే వెళ్లలేదు. అతనికి కొండల దగ్గర ఓ చిన్న ఊళ్లో కొట్టుంది.

"ఇక్కడ పొగా లేదు, దుమ్మూ లేదు. అక్కని తీసుకొచ్చెయ్ బావా. బోర్డులు రాసుకోడానికి కొట్టు పక్క గది ఇస్తాను."

"ఇంకెన్నాళ్లురా? గొట్టం మూసేస్తారు. గోడ మీద ఉందిగా!"

"రాసింది నువ్వే కదా బావా!"

"అందుకే గట్టిగా చెప్తున్నా."

పక్కనుంచి ఆవిడ నవ్వింది. "మీ బావ రాతకి తిరుగులేదురా, నా తలరాత తప్ప" అంది. నవ్వు దగ్గులోకి దిగింది.

ఏళ్లు గడిచాయి. పోయిన చలికాలం డాక్టరు ఆవిడ ముక్కుకి గొట్టం తగిలించి, మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ పెట్టించాడు. అది కరెంటుతో నడుస్తుంది. పగలూ రాత్రీ గురగురమంటూ ఉంటుంది.

మొన్న ప్లాంటు నుంచి కబురొచ్చింది. ఇంజనీరు మారాడు. కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు గోడ చూపించి, "రెండోసారి వచ్చే రెండుని మూడు చెయ్యి, చాలు" అన్నాడు. తడిగుడ్డ ఇప్పించాడు కూడా.

"గుడ్డతో పోదు సార్."

"అదేంటి, నీళ్ల రంగని ఫైల్లో ఉందే?"

"గట్టిగా వేశాను."

"ఎందుకయ్యా?"

బోర్డాయన బ్లేడు పట్టుకుని గీకడం మొదలుపెట్టాడు. అంకెతోపాటు గోడా పెచ్చులూడింది. గుంటలో సిమెంటు పూసి, ఆరాక, దాని మీద మూడు వేసి ఇంటికొచ్చాడు.

"ఏం రాశావు ఇవాళ?" అంది ఆవిడ.

"పాతదే. రంగు వెలిసిపోతే మళ్లీ వేశాను."

"నీ మొహం చూస్తే తెలియదా నాకు? ఎన్నేళ్లు జరిపారు?"

"పది."

"పోనీలే. నాకంటే ఆ పొగగొట్టానికే ఆయుష్షు గట్టి" అంది.

ఆయన ఆ మాట తట్టుకోలేక బావమరిదికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. "వచ్చేస్తాంరా. ఈ వారమే."

అవతలి నుంచి నెమ్మదిగా మాట వచ్చింది.

"రండి బావా, కాదంటానా? కానీ ఇక్కడ కరెంటు ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు. గాలివాన వచ్చిందంటే వారం దాకా దీపాలే. అక్క మిషన్ సంగతి?"

"మీకు సోలార్ పెడతామన్నారుగా?"

"మాకూ ఒక గోడుంది బావా. దాని మీద ఉంది."

ఆవిడ చెయ్యి చాపి ఫోన్ ఆపేసింది. ప్లాంటు పక్క ఇళ్లకి కరెంటు పోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇన్నాళ్లూ దాన్ని ఈ కోణంలో చూడలేదు, అంతే.

"ఊపిరాడ్డంలేదు, కాస్త పెంచవయ్యా" అంది.

ఆయన లేచి మిషన్ మీట తిప్పాడు. దాని చప్పుడు పెరిగింది. అక్కడే నిలబడి, ప్లాంటు పొగగొట్టం మూతపడకూడదని బతుకులో మొదటిసారి కోరుకున్నాడు. కోరుకుని, అన్నం తినకుండానే పడుకున్నాడు.