నల్లబడ్డాక కనిపించిన ఎల్లవ్వ

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. ఇది కథ కాదు, నా కళ్లతో చూసింది... మా అమ్మ మీద ఒట్టు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది భయంతో కాదు, సిగ్గుతో.

మాది జనగామ. పాత ఎనిమిది ఎంఎం సినిమా కెమెరాల పిచ్చి నాది. మా పక్కింటి ఎల్లవ్వ అప్పటికే మంచాన పడింది. టేకుమట్లలో ఉన్న చెల్లెలు రాజవ్వతో ఆమెకు పదేళ్లుగా మాటల్లేవు. తల్లి పోయాక పుట్టింటి తరఫున చెల్లెలికి ఒడిబియ్యం పోయాల్సింది అక్కే. పోయలేదు. అక్కడ చెడింది.

"బిడ్డా, నీ మిషిన్ల నన్ను దియ్యి. నా చెల్లెకు ఒక ముచ్చట చెప్పాలె" అంది.

ఫోన్లో తీస్తే రెండు నిమిషాల పని. తీయలేదు. నా కెమెరాలో మాట పడదని చెప్పనూ లేదు. బొమ్మ మెల్లగా చీకట్లో కలిసిపోయేలా ముగించడం అప్పుడే నేర్చుకుంటున్నాను. లెన్సు చుట్టూ ఉన్న రింగు తిప్పితే లోపలికి పోయే వెలుగు తగ్గుతుంది. ఎండలో అయితే ఎంత తిప్పినా పూర్తిగా నల్లబడదు. అందుకని ఆ ముసలామెను పొద్దుగూకేదాకా వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టాను.

ఆమె మాట్లాడింది. ఏడ్చింది కూడా. నేను ఒకటి... రెండు... మూడు... అని లెక్కపెడుతూ రింగు మూస్తున్నాను. ఆమె నోరు ఇంకా ఆడుతూనే ఉంది. నాలుగడుగుల దూరంలో ఉండి ఒక్క ముక్క వినలేదు. ఛీ, నేనూ ఒక మనిషినేనా!

రీలు కడిగించి తెచ్చేసరికి రెండు నెలలు. అప్పటికి ఎల్లవ్వ లేదు.

ప్రొజెక్టరు పట్టుకుని టేకుమట్ల పోయాను. రాత్రి రాజవ్వ ఇంట్లో లైటు తీసేసి, సున్నం గోడ మీద బొమ్మ వేశాను. టకటకటక... ఎల్లవ్వ వచ్చింది. పెదాలు కదులుతున్నాయి.

"ఏమంటున్నది బిడ్డా? నువ్వు ఆడనే ఉంటివి గద?" అంది రాజవ్వ.

నేను ఫోకస్ సరిచేస్తున్నట్టు ప్రొజెక్టరు మీదికి వంగాను. గోడ మసకబారింది... ఇంకా... ఇంకా... పూర్తిగా నలుపు. రీలు అక్కడితో అయిపోవాలి.

అయిపోలేదు.

నలుపులోంచి ఏదో తెల్లగా... ముందు జుట్టు. తర్వాత నుదురు. మెల్లగా... ఎవరో రింగు తెరుస్తున్నట్టే. తీసిననాడు నేను తెరవలేదు. నిజంగా తెరవలేదు! అదే మంచం, అదే ఎల్లవ్వ. ఈసారి ఏడుపు లేదు. రాజవ్వ కూర్చున్న మూలకేసి చూస్తూ మాట్లాడుతోంది. నాకు మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

నా పక్కన రాజవ్వ మాత్రం... "ఆఁ" అంది.

గోడకేసే చూస్తూ, "గట్లనేలే అక్కా" అంది.

రీలు తోక టపటపా కొట్టుకుంది. లైటు వేశాను. రాజవ్వ కళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "మంచిగ దీసినవ్ బిడ్డా. ఒక్క మాట గూడ పోనియ్యలే."

నేను వంగి రీలు వెనక్కి చుట్టుకోసాగాను.

ఆ రీలును బల్బు ముందు పెట్టి ఎన్నిసార్లు చూశానో. నల్లబడిన తర్వాత ఉన్నదంతా నలుపే. నా తప్పే నా కళ్లకు అలా కట్టిందా... మరి రాజవ్వ ఎవరికి జవాబిచ్చింది? అక్క ఏమన్నదని ఆమెనే అడిగితే తేలిపోతుంది. కానీ అక్కడే ఉండి కూడా విననివాణ్నని ముందు ఒప్పుకోవాలి. ఇప్పటికీ అడగలేదు.