అందరికీ పోయే జవాబు

2011 జూన్‌లో నన్ను శంషాబాద్‌కు బదిలీ చేశారు. నేను సంక్షేమ శాఖలో పర్యవేక్షణాధికారిని. ప్రభుత్వం డబ్బిచ్చి బయటి సంస్థల చేత నడిపించే వృద్ధాశ్రమాలు, సంరక్షణ కేంద్రాలు సరిగా నడుస్తున్నాయో లేదో చూసి జిల్లా కార్యాలయానికి నివేదిక పంపడం నా పని. అధికారం తక్కువ, సంతకాలు ఎక్కువ ఉండే పోస్టు అది.

మాది తెనాలి వైపు. బదిలీకి రెండేళ్ల ముందే నా భార్య పోయింది. బస్టాండు వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. విమానం మీదుగా వెళ్లినప్పుడల్లా మాట ఆపి, అది దాటిపోయాక మళ్లీ అందుకోవడం అక్కడివాళ్లకు అలవాటైపోయింది. నా గదిలో ఆపడానికి మాటంటూ ఉండేది కాదు. సహోద్యోగులు సాయంత్రం కాగానే అత్తాపూర్, మెహదీపట్నం బస్సులెక్కి ఇళ్లకు పోయేవారు. నేను వంట చేసుకుని, తిని, గిన్నెలు కడిగి, రేడియో పెట్టుకునేవాణ్ని. నా ముఖం చూస్తే ఫైలు చూసినట్టే ఉంటుందని నా భార్య అనేది. అలాంటి మనిషితో కొత్త ఊళ్లో ఎవరు మాత్రం స్నేహం చేస్తారు?

నా పరిధిలోని వృద్ధాశ్రమాల్లో ఒకటి ఊరికి కాస్త అవతల, మూతపడిన హాస్టల్ భవనంలో ఉండేది. దాన్ని నడిపేది అంజమ్మ. పెద్ద దవాఖానలో చాలాకాలం ఆయాగా చేసి, ఆ తర్వాత చిన్న సంఘం పెట్టుకున్న మనిషి. గట్టి గొంతు, గట్టి చేతులు. బస్టాండుల్లో, దర్గాల దగ్గర, దవాఖాన మెట్ల మీద దిక్కులేక దొరికిన ముసలివాళ్లను పోలీసులు ఆమె దగ్గరికే తెచ్చేవారు. జీతానికి ఉన్నది ముగ్గురే. అయినా ఆ ఇంట్లో మంచాన పడ్డవాళ్లెవరికీ వీపు మీద పుండు పడగా నేను చూడలేదు.

కారణం ఆమె పెట్టిన జోడి పద్ధతి. నడవగలిగిన ప్రతి ముసలి మనిషికీ మంచాన ఉన్న ఒకరిని అప్పగించేది. కొత్తగా వచ్చినవాళ్లను మొదట ఊరికే కూర్చోబెట్టి చూసేది. ఎవరు ఏ వేళకు లేస్తున్నారు, ఎవరి దగ్గు వినబడితే ఎవరు తల తిప్పుతున్నారు అన్నది గమనించి, అప్పుడు ఇద్దరినీ కలిపేది. కులం, మతం, ఊరు అడిగేది కాదు. కాటేదాన్‌లో వాచ్‌మెన్‌గా చేసిన సత్తయ్యకు, పక్షవాతంతో మాట పడిపోయిన దర్జీ ఖాజా మియాకు అలాగే జోడి కుదిరింది. సత్తయ్య ఆయనకు అన్నం మెత్తగా పిసికి పెట్టేవాడు. శుక్రవారం పొద్దున గడ్డం గీసి, తల మీద టోపీ సరిచేసి, కిటికీ వైపు కూర్చోబెట్టేవాడు. పెడుతున్నంతసేపూ తిట్టేవాడు కూడా. ఖాజా మియా నవ్వేవాడు.

తనిఖీ నెలకోసారి చేస్తే చాలు. నేను మాత్రం వారానికి రెండు మూడు సాయంత్రాలు వెళ్లేవాణ్ని. తనిఖీ అని పైకి చెప్పుకునేవాణ్ని కానీ వెళ్లేది మనుషుల కోసమే. అంజమ్మ నన్ను "నువ్వు" అనేది. "జర గా మూలకు కూసో సారూ, ఊడుస్తున్న" అనేది. ఆ మాట వినడానికి కూడా వెళ్లేవాణ్నని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేమీ లేదు.

మరుసటి ఏడాది పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. అప్పటిదాకా ఇలాంటి ఆశ్రమాలను నామినేషన్ మీద, అంటే శాఖ తనకు తెలిసిన సంస్థకు నేరుగా, అప్పగించేది. ఇకమీదట అన్నీ టెండరు ద్వారానే ఇవ్వాలన్నారు. ఆ ఉత్తర్వు మంచిదే. నామినేషన్ పేరుతో జరిగిన అన్యాయాలు నేను వేరే చోట్ల చాలానే చూశాను. మదింపు కమిటీలో నన్ను కార్యదర్శిగా వేశారు.

టెండరు ప్రకటన వెలువడిన రోజు నుంచి అందులో పాల్గొనే సంస్థలతో కమిటీ సభ్యులు విడిగా మాట్లాడకూడదు. అంజమ్మకు ఆ సంగతి చెప్పడానికి చివరిసారి వెళ్లాను. ఇది తేలేదాకా రానని, ఎదురుపడినా పలకరించనని చెప్పాను. "గదేం రూలు సారూ" అని నవ్వి, నా మాట నమ్మకుండానే పనిలో పడింది. ఆ తర్వాతి వారాల్లో ఆఫీసు నుంచి గదికి, గది నుంచి ఆఫీసుకు తిరిగాను. సాయంత్రాలు ఇంత పొడుగ్గా ఉంటాయని అంతకుముందు నాకు తెలియదు. ఆ ఇంటి వైపు పోయే దారి మలుపు దగ్గర చాలాసార్లు ఆగి, వెనక్కి తిరిగాను.

ఇక్కడ ఒక ఏర్పాటు గురించి చెప్పాలి. టెండరు దాఖలు చేసేముందు ప్రీబిడ్ సమావేశం అని ఒకటి జరుగుతుంది. పత్రాలు కొన్నవారంతా రావచ్చు. అర్థం కానిది ఏదైనా అడగవచ్చు. ఎవరు అడిగినా జవాబు రాతపూర్వకంగా అందరికీ పోతుంది. ఆ తర్వాత ఇంకొన్నాళ్లు రాసిచ్చే ప్రశ్నలూ తీసుకుంటారు. బయటివాళ్లకు ఇదంతా లాంఛనంలా కనబడుతుంది కానీ చిన్న సంస్థ నోరు తెరవడానికి ఉన్న చోటు అదొక్కటే.

ఆ సమావేశానికి అంజమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చుంది. ముందు వరసలో విమానాశ్రయం చుట్టుపక్కల భవనాలకు శుభ్రత సిబ్బందిని పంపే ఒక ఏజెన్సీవాళ్లు ఉన్నారు. వాళ్లు కాగితం మీద రాసుకొచ్చిన ప్రశ్నలు వరసగా అడిగారు. అన్నిటికీ జవాబిచ్చాం. ఇంకెవరైనా ఉన్నారా అని నేను అడిగాను. కాసేపాగి మళ్లీ అడిగాను. ఆమె వైపు చూస్తూ మూడోసారీ అడిగాను. కమిటీ అధ్యక్షుడు నావైపు వింతగా చూశారు. ఆమె తల వంచుకుని కూర్చుంది.

సమావేశం ముగిసి నేను జీపు దగ్గరికి వచ్చేసరికి అక్కడ నిలబడి ఉంది. "సారూ, ఒక్క ముచ్చట. మన సత్తయ్య అసుంటోళ్లు పని చేస్తున్నరు గద, ఆళ్లను మనుషుల లెక్కల రాయొచ్చా?" అంది.

టెండరు అడిగినంత మంది సిబ్బంది ఆమె దగ్గర లేరు కాబట్టి, ఆమె మొత్తం టెండరు ఆ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. జవాబు నాకు తెలుసు. ఆశ్రమంలో ఉండేవారిని సిబ్బందిగా చూపకూడదు. కానీ పని మొదలయ్యేలోగా కావలసినంత మందిని నియమిస్తామని హామీ ఇస్తే సరిపోతుంది. జోడి పద్ధతిని సంరక్షణ ప్రణాళికలో విడిగా రాయవచ్చు, దానికి మార్కులుంటాయి. రెండు మాటల్లో అయిపోయేది. ఇది లోపల అడగాల్సిన ప్రశ్న అన్నాను. ఎందుకు అడగలేదన్నాను.

"పదిమందిల ఆఫీసర్ను అడుగుతరా సారూ? నీకు జవాబు రాకుంటె నీ ఇజ్జత్ ఏం గావాలె?"

కోపం కూడా రాలేదు నాకు. ఇంకా గడువుంది, రాసివ్వు, జవాబు నీకే కాదు అందరికీ పోతుంది అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. రాసిస్తే నేనే రాయించానంటారని, నాకు బద్నామని అంది. నన్ను కాపాడుతున్నానని ఆమె నమ్మకం. ఇక మాట్లాడకూడదని జీపెక్కాను. "గిన్ని దినాలు మా ఇంట్ల కూసున్నవు. ఒక్క మాట చెప్పనీకి నీ నోరు రాదా?" అని వెనకనుంచి వినిపించింది. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఆ రాత్రి వంట చేసుకోలేదు. అయినా నేను చేసింది తప్పని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఆమెకు చెవిలో చెబితే రేపు మరో అధికారి ఇంకెవరి చెవిలోనో చెబుతాడు. అలా అని బాధ లేదంటే అది అబద్ధం.

బిడ్లు తెరిచాం. రెండు కవర్ల పద్ధతి అది. మొదట సంస్థ అర్హత, పనితీరు ఉండే సాంకేతిక కవరు తెరుస్తారు. అందులో నెగ్గితేనే ధర కవరు తెరుస్తారు. అంజమ్మ సాంకేతిక కవరు ఏదో జిరాక్సు షాపులో రాయించింది. 'సమగ్రమైన, సమీకృతమైన, నాణ్యతాయుతమైన సేవలు' అంటూ పేజీలకు పేజీలు ఉన్నాయి. ఏ ఆశ్రమం పేరు పెట్టినా సరిపోయే రాత. జోడి గురించి ఒక్క ముక్క లేదు. సిబ్బంది దగ్గర ఆ ముగ్గురి పేర్లే ఉన్నాయి. కొత్తవాళ్లను నియమిస్తామన్న హామీ కూడా లేదు.

ఆ ఇంటి గురించి కమిటీకి చెప్పడానికి ప్రయత్నించాను. అధ్యక్షుడు మర్యాదస్తుడు, అంతా విన్నారు. విని, ఇచ్చిన కాగితంలో ఉన్నదానికి వివరణ అడగగలం గానీ లేనిదాన్ని మనం చేర్చలేం కదా అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఆ బిడ్ తిరస్కరణ మీద నేనూ సంతకం పెట్టాను.

ఆశ్రమం ఏజెన్సీ చేతికి వెళ్లింది. అప్పగింత రోజు అంజమ్మ గదిగదికీ తిరిగి, ఎవరు ఏ పక్కకు ఒత్తిగిలితే నిద్రపోతారో కొత్తవాళ్లకు చెప్పింది. నాతో మాట్లాడలేదు. గేటు దాటాక కూడా తిరిగి చూడలేదు.

ఏజెన్సీ చెడ్డగా ఏమీ నడపలేదు. నివేదికల్లో అదే రాశాను. మనుషులు వేళకు వచ్చేవారు, దుప్పట్లు శుభ్రంగా ఉండేవి. మంచాన ఉన్నవారిని కింది హాలులో, నడిచేవారిని పై అంతస్తులో పెట్టారు. అన్నం పొలమారితే ప్రమాదమని, ఒకరికొకరు తినిపించకూడదన్నారు. అది సహేతుకమైన జాగ్రత్తే. ఖాజా మియా ఒళ్లు కాస్త మెరుగుపడింది కూడా. అయితే చెంచాతో పెడుతున్నప్పుడు ఆయన ముఖం మెట్ల వైపు తిరిగి ఉండేది.

పైన సత్తయ్య మంచం అంచున కూర్చుని కనిపించాడు. ఎలా ఉన్నావని అడిగాను.

"పొద్దుగాల లేస్తున్న సారూ. లేసి ఏం జెయ్యాల్నో తెల్వది. జర నాకేదన్న పని చెప్పమను. ఉత్తగ కూసోని తింటె బువ్వ దిగుతలేదు."

నా నివేదిక నమూనాలో ఆ మాట రాయడానికి గడి లేదు. ఇతర విషయాలు అన్నచోట రాసి పంపాను. జవాబు రాలేదు. తనిఖీలు మళ్లీ నెలకోసారికి తగ్గాయి. మిగిలిన సాయంత్రాలు రేడియోతోనే గడిచాయి.

2013లో మైలార్‌దేవ్‌పల్లిలో కొత్త కేంద్రానికి టెండరు పిలిచారు. అప్పటికి అంజమ్మ అత్తాపూర్‌లో ఎవరింట్లోనో మంచాన ఉన్న ముసలావిడను చూసుకునే పనిలో ఉందని విన్నాను. ప్రీబిడ్ సమావేశానికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. పత్రాలు కొన్నట్టు రశీదు చూపించింది. ఆమె పక్కనే ఏజెన్సీవాళ్లు. ప్రశ్నలున్నాయా అని నేను అనగానే లేచి నిలబడింది.

నడిచే ముసలోళ్లకు పడుకున్న ముసలోళ్లను అప్పజెప్పే పద్ధతి పెట్టొచ్చా అని అడిగింది. తినిపించేటప్పుడు ఒక పనిమనిషి పక్కన నిలబడితే ఫర్వాలేదా? ఆ పద్ధతికి మార్కులుంటాయా? ఇదివరకే అట్లా నడుపుతున్నవారికి ఎక్కువ వస్తాయా? ఒక్కొక్కటీ అడిగి, నేను రాసుకునేదాకా ఆగి, తర్వాతది అడిగింది. నన్ను "మీరు" అంది. అన్నిటికీ అవునని కమిటీ జవాబిచ్చింది. ఆ జవాబు అందరికీ పంపించాం.

కవర్లు తెరిచిన రోజు ఆమె కవరు కోసం చూశాను. ఆమె దాఖలే చేయలేదు. ఇన్నాళ్లకు నోరు తెరిచి, తీరా చేతికందే వేళకు వెనక్కి తగ్గిందని విసుక్కున్నాను. ఏజెన్సీ సాంకేతిక కవరులో జోడి పద్ధతి గురించి ఒక పేజీ ఉంది. శంషాబాద్ ఆశ్రమంలో దాన్ని ఇప్పటికే అమలు చేస్తున్నామని రాశారు. మార్కుల కోసమేనని నాకు తెలుసు. నిజమో కాదో చూసి రమ్మని కమిటీ నన్నే పంపింది.

నేను వెళ్లింది మధ్యాహ్నం భోజనాల వేళ. కింది హాలులో ఖాజా మియా మంచం పక్కన స్టూలు వేసుకుని సత్తయ్య అన్నం పిసుకుతున్నాడు. యూనిఫాం వేసుకున్న ఆయా ఒకామె పక్కన నిలబడి చూస్తోంది. సత్తయ్య ఏజెన్సీని, వండినవాళ్లను, ఖాజా మియాను కలిపి తిడుతున్నాడు. మిగిలిన మంచాల దగ్గరా జోడీలు ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

వరండాలో, చూడవచ్చినవాళ్ల మధ్య, సంచి ఒళ్లో పెట్టుకుని అంజమ్మ కూర్చుని ఉంది. టెండరు గడువు ముగిసింది, నువ్వు అందులో లేవు కూడా, ఇప్పుడు నాతో మాట్లాడవచ్చు అన్నాను. ప్రశ్న అడిగి దాఖలు ఎందుకు చేయలేదన్నాను. ఏజెన్సీవాళ్లు నీ పద్ధతిని ఎత్తుకుపోయారు తెలుసా అని కూడా అన్నాను.

"టెండరు ఎయ్యనీకి నాకేడ తాకతున్నది సార్? నేనొచ్చింది అడగనీకే." హాలు వైపు చూసింది. "జవాబు అందరికి పోతదని చెప్పింది మీరే గద. ఈళ్లకు పోవాల్ననే అడిగిన."

ఆమె పక్కన బెంచీ మీద చోటుంది. కూర్చోమంటుందేమోనని చూశాను. ఆమె సంచి తీసుకుని సత్తయ్య దగ్గరికి వెళ్లిపోయింది. నేను నా నివేదికలో 'అమలులో ఉన్నది' అని రాసి ఆఫీసుకు వచ్చేశాను. మరుసటి ఏడాది రిటైరయ్యేదాకా మేమిద్దరం మళ్లీ మాట్లాడుకోలేదు.

సంరక్షణ సంస్థలు పెట్టుకున్నవాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు సలహా కోసం నా దగ్గరికి వస్తుంటారు. మీరు రోజూ చేసే పనిని మీ మాటల్లోనే రాయండని, జిరాక్సు షాపు మాటల్లో వద్దని చెబుతాను. తెలియనిది సమావేశంలోనే, అందరి ముందూ అడగమంటాను. అలా అడిగితే జవాబు పోటీదారుకు కూడా పోతుంది కదా అని వాళ్లలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పోతుంది, పోనివ్వండి అంటాను.