చెల్లె మడమల కింద లైట్లు

పోయిన వారం కంది చౌరస్తాలో సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉంటే, ఒక తల్లి మూడేళ్ల బిడ్డను చేయి పట్టుకుని రోడ్డు దాటించుకొచ్చింది. ఆ పిల్ల అడుగు వేస్తే చాలు, మడమల దగ్గర ఎర్రగా, నీలంగా లైట్లు వెలిగి ఆరుతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లు ముచ్చటపడి నవ్వారు. నేను మొహం తిప్పుకున్నాను. నలభై దాటిన మనిషిని, బళ్లో పిల్లలకు బుద్ధులు చెప్పి జీతం తీసుకునేదాన్ని, ఆ పసిదాని కాళ్లు చూసి నాకు కడుపులో భగ్గుమంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజమది. ఇప్పుడు ఆ జోళ్లను అంగట్లో గుట్టలు పోసి అమ్ముతున్నారు. నాకు కావలసిన రోజుల్లో మాత్రం మా ఊరు మొత్తానికీ ఒకటే జత ఉండేది, అదీ మా చెల్లె కాళ్లకు.

చెల్లె అంటే మా కాక బిడ్డ, బాపు తమ్ముడి కూతురు, నాకంటే ఏడాది చిన్నది. లక్డారంలో మా రెండిళ్లకూ ఒకటే వాకిలి. తొంభైల నడుమ మాట. నేను అయిదో తరగతి. ఆ ఎండాకాలం దాకా వాడకట్టు పిల్లలకు నేనే పెద్దను. ఏ ఆట ఆడాలో, ఎవరు దొంగో, ఎవరిని కలుపుకోవాలో, ఎవరిని వెళ్లగొట్టాలో అంతా నా ఇష్టమే. చెల్లె నా గౌను అంచు పట్టుకుని తిరిగేది. ఆమె మేనమామ బొంబాయి రోడ్డు మీద లారీ నడిపేవాడు. ఒక ఆదివారం పొద్దున ఆయన తెచ్చిన అట్టడబ్బా విప్పితే అందులో తెల్లటి జోళ్లు, వాటి మడమల్లో గాజు లాంటి చిన్న కిటికీలు. చెల్లె వాటిని తొడుక్కుని అరుగు మీది నుంచి దుంకింది. మడమలు ఎర్రగా మెరిశాయి. అంతే, పిల్లలంతా నన్ను విడిచిపెట్టి ఆమె వెంటపడ్డారు. సాయంత్రానికి నా దగ్గర మిగిలింది మా మేకపిల్ల ఒక్కటే, అదీ గుంజకు కట్టేసి ఉండబట్టి.

"బాపూ, నాగ్గూడ గసొంటి జోళ్లే గావాలె" అని రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట అమ్మ చేపల పులుసు చేసింది, అందుకని తిన్నాను. మా బాపు పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో కరెంటు పని చేసేవాడు. డ్యూటీ దిగాక వారం రోజులు ఆ అంగడీ ఈ అంగడీ తిరిగాడు. అలాంటి జోళ్లు ఉంటాయంటేనే అక్కడ ఎవరూ నమ్మలేదట. చివరికి శనివారం బడికి వేసుకునే నా తెల్ల కాన్వాసు జోళ్లను తీసుకుపోయి, హైవే పక్కన లారీలకు రేడియం స్టిక్కర్లు అతికించే అతనితో మడమలకు ఎర్ర పట్టీలు వేయించుకొచ్చాడు. "సూడు బిడ్డా, దీనికి బ్యాటరీ గిట్ల అక్కరలేదు. ఎన్నేండ్లైనా ఖరాబు గాదు" అన్నాడు మురిసిపోతూ. పాపం, కరెంటు తెలిసిన మనిషి కూడా బిడ్డ ఏడుపు వింటే అసలు సంగతి మరిచిపోతాడు. ఆ రేడియం పట్టీ తనంతట తాను వెలగదు. ఎదురుగా ఎవరో ఒకరు లైటు కొట్టాలి. పట్టపగలు మా వాడలో నా మడమలకు లైటు కొట్టే మహానుభావుడు ఎవడు? నేను బయటికి రాగానే పిల్లలు "లారీ వచ్చిందిరో, పక్కకు జరుగుండ్రి!" అని కేకలు పెట్టారు. చెల్లె ఒక్కతే నవ్వలేదు. నవ్వినా బాగుండేది, తిట్టడానికి సాకు దొరికేది. ఆమె వంగి నా మడమలు తడిమి, "మస్తున్నయక్కా" అంది. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

ఆ సాయంత్రమే బాపు వాకిట్లో మంచమేసుకుని కూర్చుని, ఈ జోళ్ల సంగతేమిటో చూద్దామని చెల్లె జోడు ఒకటి అడిగి తీసుకున్నాడు. బొటనవేలితో మడమ మీద టకటకా కొట్టాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. చెల్లె ఒంటికాలి మీద నిలబడి తన జోడు కోసం చేయి చాపుతూనే ఉంది. "లోపల సన్నటి స్ప్రింగుంటది. అడుగేస్తే అది పోయి తాకుతది, లైటు వెలుగుతది. బ్యాటరీ లోపల్నే అతికిచ్చిండ్రు, మార్వరాదు. ఎంత ఉరికితే అంత జల్దీ అయిపోతది" అన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్లకు ఎక్కడో చదివాను. అమెరికాలో తొలినాళ్ల జోళ్లలో కొన్నిటికి స్ప్రింగుకు బదులు పాదరసపు బొట్టు ఉండేదట, అది విషమని గొడవైతే మానేశారట. ఆ ఉపాయం నాదంటే నాదని కంపెనీలు కోర్టులకు కూడా ఎక్కాయట. చదివి నాకెంత ఊరట కలిగిందో! ఆ జోళ్లు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్నది నేనొక్కదాన్నే కాదన్నమాట.

బాపు చివరన అన్న మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది. మర్నాటి నుంచి చెల్లె మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. "చెల్లే, నీ అంత తేజ్ ఎవ్వరుర్కుతరే! కిరాణం దుకాణం దాక పోయిరా, నేను అంకెలు లెక్కవెడుత." ఆమె పోయొచ్చేది. "అరవై అయినయి. జెర జల్దీ రావాలె, మళ్లొక్కసారి." మళ్లీ పోయేది. పిండిగిర్ని దాకా ఉరికించాను, కల్లు దుకాణం దాకా ఉరికించాను. ఎండలో మొహం కందిపోయి, చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయి, "ఈసారి ఎన్ని అక్కా?" అని ఎగపోస్తూ అడిగేది. నేను ఆమె మొహం చూడలేదు, మడమలే చూశాను. చిన్నమ్మ అయితే "అక్కాచెల్లెండ్లు గిట్లుండాలె" అని వాడంతా చెప్పుకుంది. అమ్మ మాత్రం నన్నొకసారి అదోలా చూసి, మళ్లీ బియ్యం ఏరుకుంది.

బోనాల నాటికి ఎడమ జోడు ఆరిపోయింది. బతుకమ్మ నాటికి కుడిది. ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ తిరుగుతూ నేను కొట్టినంత గట్టిగా చప్పట్లు మరెవ్వరూ కొట్టి ఉండరు. పిల్లలు నా దగ్గరకు తిరిగొచ్చారు. నేను మొదట చేసిన పని, చెల్లెను ఆటలో కలుపుకోకపోవడం. "నీకు మా ఆట రాదు పో" అన్నాను. ఆటలో లేని పిల్ల ఏం చేస్తుంది? ఆ ఆరిపోయిన జోళ్లతోనే ఒక్కతే జొన్నచేల బాట వెంబడి ఉరికేది. భానూర్‌లో మండలం ఆటలు జరిగినప్పుడు ఏడో తరగతి పిల్లలను కూడా దాటేసి మొదటొచ్చింది. అక్కడి ఆటల సారు చూశాడు. ఆమెను సంగారెడ్డికి, అక్కణ్నుంచి హైదరాబాద్ హాస్టలుకు పంపారు. మెడల్సు వచ్చాయి, ఆటల కోటాలో పోలీసు కొలువు వచ్చింది. నేను బీఈడీ రెండుసార్లు రాశాను.

నిరుడు మా ఊరి బళ్లో ఆమెకు సన్మానం చేశారు. మైకు పట్టుకుని, "నాకు ఉరుకుడు నేర్పిన గురువు మా అక్క. ఆమెకే ముందుగాల కప్పుండ్రి" అని పట్టుబట్టి, తన శాలువా నాకు కప్పించింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ శాలువా కింద నాకు చెమటలు పోశాయి. ఇంటికొచ్చాక వాకిట్లో చాయ్ తాగుతూ ఇక ఆగలేకపోయాను.

"నేను నిన్ను ఉరికిచ్చింది నువ్వు గెలువాలని కాదే. నీ లైట్లు పోవాలని" అన్నాను.

ఆమె చాయ్ ఊదుకుంటూ నవ్వింది. "నాకెర్కనే అక్కా. పెద్దబాపు చెప్తుంటె నేను ఆడ్నే ఉన్న గద."

"మరెందుకు ఉరికినవే?"

"గవి వచ్చినప్పటి సంది నువ్వు నాతోని సక్కగ మాట్లాడుత లేవు. లైట్లు పోతె మళ్ల ఎప్పటి లెక్క ఉంటవనుకున్న" అంది. కప్పు కింద పెట్టింది. "పోయినయి. అయినా నువ్వు కలుపుకోలే."

అందులో నిష్ఠూరం లేదు, దెప్పిపొడుపు లేదు. ఉంటే పోట్లాడేదాన్ని. ఆమె కప్పు కడిగి బోర్లించి, రేపు పొద్దున డ్యూటీ ఉందని, నా మోకాళ్ల నొప్పికి ఏదో నూనె పంపిస్తానని చెప్పి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. ఏడుపు రావాలి కదా, వచ్చింది. కానీ దాని కంటే ముందు వచ్చింది వేరే. అంత మనసు కూడా దేవుడు దానికే ఎందుకిచ్చాడు, నాకెందుకివ్వలేదని మళ్లీ అదే మంట. కాలం ఎంతటి మంటనైనా చల్లారుస్తుందంటారు. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, మా వాకిట్లోకి రావడానికి ఆ కాలానికింకా తీరిక దొరకలేదు.