ఆశీర్వాదం పంతులు ఇంటి సోదా

మా ఆశీర్వాదం పంతులు జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదని అందరూ చెబుతారు. ఆ గొప్పతనం కింద ఆయన భార్య మగ్దలీనమ్మ ఎంత నలిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. ఆమె తరఫున నాకు ఇప్పటికీ కోపమే.

చెన్నపట్నం సర్కారు మా జిల్లాలో మద్యనిషేధం పెట్టిన కొత్తలో జరిగిందిది. యర్రగొండపాలెం పక్కన ఊరివాళ్లు అంటరానిదిగా చూసే మా క్రైస్తవుల పాలెంలో పంతులు మిషను బడి నడిపేవాడు, నేను అక్కడే అక్షరాలు దిద్దాను. పంతులు ఇంట్లో సారా కాస్తున్నారని ఎవడో ఆకాశరామన్న పోలీసులకు అర్జీ రాశాడు. ఆ సంగతి పాస్టరు అయ్యగారి చెవిన పడింది. సారా లేదని పోలీసులు కాగితం రాసిస్తే సరి, లేకుంటే ఆదివారానికల్లా బడి తాళాలు అప్పగించమన్నాడు. అందుకని మా పంతులు పోలీసుల కోసం పెళ్లివారి కోసం చూసినట్టు ఎదురుచూశాడు.

హెడ్డు కానిస్టేబులు గురుస్వామి ఇద్దరు సాక్షులను బండెక్కించుకొని వచ్చాడు. చట్టప్రకారం సాక్షులు పరువుగల పెద్దమనుషులై ఉండాలి. పరువంతా ఊళ్లో రైతుల దగ్గరే ఉంటుంది కాబట్టి పుల్లయ్యనూ కొండయ్యనూ తెచ్చాడు. పంతులు ఎదురెళ్లి దణ్ణం పెట్టి, నాకు సమ్మతమే, లోపలికి దయచేయండి అన్నాడు.

ముగ్గురూ గడప బయటే ఆగిపోయారు. పాలెంలో ఇల్లు తొక్కితే పరువు పోతుంది. పరువు పోతే సాక్ష్యానికి పనికిరారు. హెడ్డుకూ లోపలికి పోవాలని లేదు గానీ ఆ నెపం చట్టం మీద పెట్టి, సామానంతా బయట పెట్టమన్నాడు. అర్జీ సామాను మీద కాదు, ఇంటి మీద కదా అని పంతులు మళ్లీ రమ్మన్నాడు. మూడోసారీ అన్నాడు. సోదాకొచ్చిన పోలీసును లోపలికి రమ్మని బతిమాలినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

చివరికి కప్పు తీయాలని తేలింది. పంతులే పైకెక్కి బోదగడ్డి విప్పాడు. పుల్లయ్య తన బండిని గోడకు ఆనించాడు. పెద్దమనుషులిద్దరూ దాని మీద నిలబడి లోపలికి తొంగిచూశారు. మగ్దలీనమ్మ ఒక్కో కుండా ఎత్తి, వంచి, ఆకాశానికి చూపించింది. ఒకదాంట్లో సంగటి, ఒకదాంట్లో చింతపండు, మిగతావి ఖాళీ. పొయ్యి పొగ తగిలితే స్నానం చేయాలా అని కొండయ్య అడిగాడు. ఎవరికీ తెలియలేదు.

హెడ్డు అక్కడే పంచనామా రాశాడు. పంతులు అది చదివి కలం కింద పెట్టాడు.

"యజమాని సమ్మతితో ఇంట్లో ప్రవేశించి అని రాసినారు. మీరు ప్రవేశించలేదు గదయ్యా. ఇప్పుడన్నా రండి, సంతకం చేస్తా."

ఒక్క సంతకంతో ఉద్యోగం నిలబడుతుంది. మగ్దలీనమ్మ లోపల్నుంచి చేసెయ్యమని మొత్తుకుంది. ఆయన కదల్లేదు. హెడ్డు పళ్లు నూరి, ఆ వాక్యం కొట్టేసి ఇంకొకటి రాశాడు. సదరు చోట కప్పుగల ఇల్లు ఏదీ లేనందున ప్రవేశించే అవసరం కలగలేదు, సారా లేదు అని. ఆ నిమిషాన ప్రతి మాటా నిజమే. పంతులు సంతకం పెట్టాడు. తర్వాత ఆ కాగితం చూసి అయ్యగారు ఉద్యోగం ఉంచాడు. ఇల్లేమైందని అడగనైనా లేదు.

పుల్లయ్య చెడ్డవాడు కాదు. విప్పిన గడ్డి పొడిపొడిగా రాలిపోవడం చూసి ఆయన మనసు నొచ్చుకుంది.

"మా దొడ్డి బయట రెండు మోపుల బోద ఏయిస్తా ఆశీర్వాదమా. వచ్చి ఎత్తుకపో" అన్నాడు.

పంతులు గడప పక్కకు తప్పుకొని దారి ఇచ్చాడు.

"మీరే తెచ్చి లోపల దించండయ్యా. ఇది ఇల్లు కాదని రాసినారు గదా. ఇప్పుడు రావచ్చు."

పుల్లయ్య ఒక కాలు బండి మీద నుంచి కిందికి పెట్టాడు. గడప వైపు చూశాడు. మళ్లీ కాలు పైకి తీసుకొని ఎద్దులను అదిలించాడు.

పంతులు ఆ దొడ్డి బయటి బోద ముట్టలేదు, నాలుగు రోజులు నల్లమల అడవిలో తిరిగి తన గడ్డి తనే కోసి తెచ్చుకున్నాడు.