రుబ్బురోలుకు బిగించిన టైరు స్టాండు

మా పెదనాన్న పోయారు. పొద్దున్నే అరటి మార్కెట్‌కి బయల్దేరుతూ, చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, అలాగే మంచం మీద కూర్చుండిపోయారట. పక్కిల్లే కాబట్టి ఫోన్ రాలేదు, పెద్దమ్మ గోడ మీంచి పిలిచింది. అప్పటికి ఆయనకీ నాకూ మాటల్లేవు. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది నాకు. గొడవ మధ్యలో లేచి వెళ్ళిపోవడం ఆయనకు అలవాటే గానీ, ఇంత దూరం వెళ్ళడం ఇదే మొదలు.

చూడ్డానికొచ్చిన వాళ్ళంతా బంగారం లాంటి మనిషి అన్నారు. మీరు నమ్మకండి. రావులపాలెంలో సగం మందితో ఆయన మాట్లాడేవారు కాదు, మిగతా సగం ఆయనతో మాట్లాడేవారు కాదు. కోపమొస్తే కేకలెయ్యరు, మర్యాద పెంచుతారు. నువ్వు అంటే మామూలు. మీరు అంటే జాగ్రత్తపడాలి. తమరు అన్నారంటే యుద్ధమే. మా వీధి చివరి పంక్చర్ కొట్టతన్ని ఒకసారి నలుగురిలో "తమరి పనితనం అమోఘమండి" అన్నారు. అంతే, ఆ తర్వాత మా రెండిళ్ళ బళ్ళనూ అతను ముట్టుకోలేదు.

నేనేమో రోజూ బైకు మీద మండపేట వెళ్ళి ఉద్యోగం చేసుకు రావాలి. ఆ రోడ్డు మీద టైరుకి ఎప్పుడు ఏం గుచ్చుకుంటుందో తెలీదు. అందుకే, ఇంట్లోనే టైరు విప్పుకునే స్టాండు ఒకటి కొందామన్నాను. కరెంటు అక్కర్లేకుండా చేత్తో పనిచేసేది. వీడియోలన్నీ చూసి ఆయన ముందు కూర్చుని చెప్పాను. బైకు చక్రం మధ్య కన్నం చిన్నది, కాబట్టి స్టాండు కడ్డీ సన్నగా ఉండాలి. రిమ్మును పట్టుకునే పళ్ళకు రబ్బరు తొడుగులుండాలి, లేకపోతే గీతలు పడతాయి. టైరు అంచును రిమ్ము నుంచి విడగొట్టే రాడ్డు పొడుగ్గా ఉంటే నా బరువు సరిపోతుంది. ఆయన చెవిలో పుల్ల తిప్పుకుంటూ అంతా విన్నారు.

మర్నాడు గెలల వ్యానులోంచి ఒకటి దిగింది. మండపేటలో పాత ఇనుము కొట్లో దొరికిందట. కారు చక్రాలది. కడ్డీ లావు, రాడ్డు పొట్టి, తొడుగుల ఊసే లేదు. ఇది బైకుది కాదు పెదనాన్నా అన్నాను.

"చక్రం చక్రమే కదే. ఎత్తి చూడు, ఇనుమంటే ఇదీ."

కన్నంలో పట్టదని చూపించాను.

"తమరు చదువుకున్నారు కదండీ, కన్నం పెద్దది చెయ్యండి."

దాన్ని నేలకి బోల్టులతో బిగించాలి. మా పెరళ్ళలో గచ్చు లేదు, ఉన్నదంతా ఒండ్రు మట్టి. పాతిన ప్రతిసారీ ముల్లంగిలా ఊడొచ్చింది. అప్పుడు ఆయన కన్ను పెద్దమ్మ రుబ్బురోలు మీద పడింది. ఆవిడ పిఠాపురం గుడికెళ్ళిన రోజు చూసి, రాళ్ళు కొట్టే మనిషిని పిలిపించి, రోలు అంచు చుట్టూ కన్నాలు వేయించి, స్టాండు దాని మీద బిగించేశారు. పెద్దమ్మ ప్రసాదం చేత్తో పట్టుకునే వచ్చి చూసింది. "గారెల పిండి ఇహ తమరే రుబ్బుకోండి," అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో గారెలు లేవు.

లావు కడ్డీ మీద సన్న కడ్డీ ఒకటి అతికించి, నా బండి వెనక చక్రాన్ని ఆయనే ముందు ఎక్కించారు. రిమ్ము నిండా గీతలు. నేను అరిచాను, ఆయన మర్యాద పెంచారు. పొట్టి రాడ్డు మీద నా బలం చాలలేదు. "తమరికి చేతకాదండి, తప్పుకోండి," అన్నారు. తప్పుకున్నాను, మాట్లాడ్డం కూడా మానేశాను. ఆ మౌనంలోనే ఆయన పోయారు.

పెద్దకార్యం రోజు గారెలు హోటల్ నుంచి తెప్పించారు. రాళ్ళలా ఉన్నాయని చుట్టాలు గొణుగుతుంటే, ఆయన చేసుకున్నదే, ఆయన్నే తిననివ్వండి అంది పెద్దమ్మ. భోజనాలయ్యాక పెద్దమ్మావాళ్ళ పెద్దల్లుడు పెరట్లోకొచ్చి స్టాండు చుట్టూ తిరిగాడు. పాత ఇనుము వ్యానుకి ఫోన్ చేశానన్నాడు. అది నాకు కావాలి బావగారూ అన్నాను.

నవ్వాడు. "ఆడపిల్లవి, నీకెందుకు మరదలా ఈ ఇనుము? బండికేమైనా అయితే మీ నాన్నగారు చూసుకుంటారు కదా."

అప్పుడు తట్టింది నాకు. పెదనాన్న నన్ను చేతకాదన్నారు, తెలీదన్నారు, తమరి చదువు తగలెయ్యమన్నారు. అన్ని గొడవల్లో ఒక్కసారైనా ఆడపిల్లవి నీకెందుకు అనలేదు. మార్కెట్లో సాటి వ్యాపారితో ఎలా పోట్లాడేవారో, నాతోనూ అలాగే పోట్లాడారు. ఆయన మీద కోపం నాకింకా పోలేదు. కానీ నన్ను ఓడించాల్సిన మనిషిగా చూసింది ఆయనొక్కరే.

బావగారికి పెద్దమ్మే బదులిచ్చింది.

"రోలు ఇనుము కాదండి అల్లుడుగారూ. అది నాది. దాని మీదున్నదీ నాదే." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు టైరు విప్పగలిగితే ఉంచుతాను. లేకపోతే నా రోలు నాకు కావాలి."

చుట్టాలందరి ముందూ నా బండి చక్రం తెచ్చి ఎక్కించాను. పొట్టి రాడ్డుకి పాత నీళ్ళ పైపు ఒకటి తొడిగి, దాని మీద వేలాడాను. టైరు కదల్లేదు, రోలే ఒరిగింది. పెద్దమ్మ వచ్చి, పైకి లేచిన వైపు రోలు అంచు మీద బరువంతా వేసి కూర్చుంది. మళ్ళీ వేలాడాను. రెండు కాళ్ళూ నేల విడిచాయి. ఠప్పున టైరు అంచు రిమ్ము నుంచి ఊడింది.

బావగారు ఫోన్ తీసి పక్కకెళ్ళారు. పెద్దమ్మ మాత్రం లేవలేదు. చీర కుచ్చిళ్ళకంటిన నల్లటి మడ్డిని గోటితో గీకుతూ, తలెత్తకుండానే, "రెండో వైపు తిప్పవే," అంది.