రెఫరీకి అడ్డం పడే ఆంజినప్ప సారు

రెఫరీతో పోట్లాడనిదే ఆంజినప్ప సారుకు అన్నం అరగదు. బళ్లారి కాలేజీ పిల్లలకు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పిన ఈ మహానుభావుడు, ఓడిన ఆట నుంచి ఏనాడూ తన కాళ్లతో నడిచి బయటికి రాలేదు. మోసుకు రావాల్సిందే.

ఆ ఆటను ఊళ్లోకి తెచ్చిందీ ఆయనే. "ఏంది సార్ ఇది?" అని ప్రిన్సిపాల్ నోరు తెరిస్తే, "మన కబడ్డీనే సార్. చంకలో కోడిగుడ్డు లాంటి బంతి ఉంటాది, అంతే!" అన్నాడు. హెల్మెట్లకు గతిలేక గని కార్మికుల టోపీలు తెచ్చి పిల్లల నెత్తిన బోర్లించాడు.

ఇక గొంతా! ఒకసారి ఆయన "రెఫరీ!" అని అరిస్తే, దోణిమలై ఇనుప గనిలో పేలుడు సైరన్ మోగిందనుకుని జనం బండల చాటుకు ఉరికారు. నమ్మనివాళ్లు ఆ బండల్నే అడగొచ్చు.

"ఇంట్లో చారులో ఉప్పు లేకున్నా నోరెత్తడమ్మా ఈ మనిషి. ఆడ ఏం పూనుతాదో!" అని ఆయన భార్య రేణుక బుగ్గలు నొక్కుకుంటుంది.

మొన్నటి ఫైనల్ చేతన్‌కు చావో రేవో. కౌల్ బజార్ బట్టల వ్యాపారి విరూపాక్షయ్య కొడుకు వాడు. "ఈ పొద్దు నలుగుర్లో నా పరువు తీస్తివా, రేపట్నించి అంగట్లో కూర్చుంటావు. ఆటా లేదు, గీటా లేదు" అని తేల్చేసి, తండ్రి ముందు వరసలోనే కూర్చున్నాడు.

ఆఖరి నిమిషంలో బంతి చేతన్‌కు అందింది. ఎదురుగా పురుగు కూడా లేదు. దాటితే గెలుపే అనే గీత దగ్గరికొచ్చాక బంతి చేజారింది. అవతలివాడు దానిమీద పడ్డాడు. రెఫరీ హొన్నప్ప విజిల్ ఊదాడు. ఆట పోయింది.

'ఎవడ్రా జార్చింది' అని జనం లేచేలోగా సారు మైదానంలోకి దూకాడు.

"ఏమప్పా హొన్నప్పా, కండ్లు యాడ పెట్టుకున్యావ్? నా పిల్లోన్ని తోసినారు!"

"ఎవరూ తోయల్యా. బయటికి పో!"

"నన్ను తొక్కి పో!" అంటూ సారు గీత మీద అడ్డంగా పడుకున్నాడు. హొన్నప్పతో సహా నలుగురు మోసుకుపోతుంటే కాళ్లు తన్నుకుంటూ కూడా వాదించాడు.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. బంతి ఎవరు జార్చారో ఒక్కరికీ గుర్తులేదు. విరూపాక్షయ్యకు మాత్రం రక్తం పొంగింది. "నా కొడుక్కు అన్యాయం చేస్తారా? ఒరే చేతన్, అంగడి నేను చూసుకుంటా. నువ్వు ప్రాక్టీసుకు పో. ఈసారి గెలిచి చూపీయాల!"

తననెవరూ తోయలేదని చేతన్‌కు తెలుసు. ఆ మాట చెబుదామని వెతుక్కుంటూ పోతే, సారు గాంధీనగర్‌లో మిరపకాయ బజ్జీల బండి దగ్గర దొరికాడు. పక్కనే హొన్నప్ప, ఒకే ప్లేటులో తింటూ.

"సార్, నేనే జార్చినా."

"నాకు కండ్లు ల్యావా? చూసినాలేరా. తిను."

హొన్నప్ప తన నడుం పట్టుకున్నాడు. "ఆంజినప్పా, ఎన్ని తిట్లైనా తిట్టప్పా. పడుకోవద్దు. మోయలేక చస్తాండా."

సారు బండివాడి వైపు తిరిగాడు.

"హొన్నప్పకు ఇంకో ప్లేటు ఎయ్యి. వచ్చే ఆటకు బలం కావాల."